తేదీ లేని పండగ

ఊరి పలకకి ఏటేటా ఏప్రిల్లో
కొత్త రంగు వేసేది నేనే.
నీలిగుడ్డల సంత: మే రెండో ఆదివారం.
చేపల పులుసు పోటీ: జూన్ మూడో శనివారం.
ఆల్‌బకరా జామ్ రాత్రంతా కాచే జాతర: సెప్టెంబరు.
వాటి మధ్య ఒక వరసలో
పేరు రాసి తేదీ వదిలేస్తాను:
తిసా పూత.

పూత అంటే చెట్టుకి కాదు, ఏటికి.

బుడాపెస్ట్ నుంచి ఫోన్లు వస్తాయి.
"సరిగ్గా ఏ రోజండీ? గది తీసుకోవాలి."
ఎటెల్కా రిసీవర్‌ని చెవికీ భుజానికీ మధ్య నొక్కి
కిటికీలోంచి పంటు వైపు చేయి ఊపుతుంది.
పంటు మీద ముసలి అంబ్రుష్
తల అడ్డంగా ఆడిస్తాడు.
"ఏరు ఇంకా చెప్పలేదటండీ."

మా ఊరు చూడ్డానికి గంటన్నర చాలు.
చర్చి గోడ మీద నాలుగు ఇత్తడి గీతలు,
ఏ ఏడు వరద ఎంతెత్తు వచ్చిందో.
పై గీత అందాలంటే
నా కొడుకు నా భుజాలెక్కాలి.
అద్దకం సావిడిలో నీలిమందు తొట్టి;
పిరోష్కా చేతులు మోచేతుల దాకా నీలం,
పెళ్లి ఫొటోలోనూ నీలమే.
ఉప్పు పడవల నాటి గిడ్డంగి ఇప్పుడు మ్యూజియం,
టికెట్లిచ్చేవాడు భోజనానికెళ్తే
తాళంచెవి పక్క బేకరీలో అడగాలి.
అంతకుమించి చూపించడానికి మాకేం లేదు,
ఆ ఒక్క సాయంత్రం తప్ప.

మూడేళ్లు
ఒడ్డు బంకమట్టిలో, చీకటి గొట్టాల్లో,
బురద తిని బతుకుతాయి.
ఒకనాడు పైకొచ్చి
చొక్కా విప్పినట్టు ఒళ్లు విప్పి
రెక్కలు తొడుక్కుంటాయి.
ఇక తిండి లేదు, తినే తీరికా లేదు.
పొద్దు గుంకేలోగా
జత కట్టాలి, గుడ్లు పెట్టాలి, పోవాలి.

ఈ ఏడు పోటీకి ముప్పై ఒక్క కళాయి.
విల్లో చెట్ల కింద పొగ, మిరపపొడి ఘాటు,
బాకాల మేళం,
మైకు పలకక మేయరు దగ్గు.
గెలిస్తే రాగి గరిటె.
తొమ్మిదేళ్లుగా గెర్గెయ్ దాన్ని ఇంకొకరికి వదల్లేదు.
బంగారుతీగ తలకాయలు ముందు ఉడకాలి,
ముక్కలు తర్వాతేనంటాడు;
ఆ మాట మీదే రెజోతో మాటలు పోయాయి.

ఐదున్నరకి
అంబ్రుష్ పంటుని ఏటి నడుమ ఆపేశాడు.
ఇనుప తాడు కిర్రుమనడం మానింది.
టోపీ తీసి ఒడ్డుకేసి ఊపాడు.

ముందు ఒకటి. నా మణికట్టు మీద వాలింది,
ఒంటికి రెండింతలు తోక.
తర్వాత పది.
తర్వాత ఏరు కనిపించలేదు.
ఉసిళ్లయితే దీపం కోసం ఎగురుతాయి,
ఇవి ఏటి కోసమే, ఏటికి జానెడెత్తులో,
నీళ్లే లేచి రెక్కలాడించినట్టు.

గరిటెలు కళాయిల్లోనే వదిలి
ఊరు ఊరంతా మెట్లు దిగింది.
మేయరు ఉపన్యాసం మడిచి జేబులో పెట్టుకున్నాడు.
పిరోష్కా చాపిన నీలి చేతి మీద
ఒకటి తీరిగ్గా చొక్కా విప్పుకుంది.
మోకాళ్ల లోతు నీళ్లలో గెర్గెయ్,
పక్కనే రెజో.
"నీ పులుసు మాడుతోంది" అన్నాడు రెజో.
"నీది కూడా."
ఇద్దరూ కదల్లేదు.

చీకటి పడేసరికి అన్నీ నీళ్ల మీదే,
రెక్కలు పరుచుకుని, ఊరికే సాగిపోతూ.
కింద చేపల విందు, నీళ్లంతా బుడుంగు బుడుంగు.
ముప్పై ఒక్క కళాయిల్లోనూ అడుగంటింది.
రాగి గరిటె ఎవరికీ రాలేదు.
చేపలకివ్వాల్సింది, అన్నాడు నా కొడుకు.

మర్నాడు ఆదివారమైనా
పండగ రోజులని ఆఫీసు తీసే ఉంది.
నా చొక్కా చేతికి ఇంకా రెండు
పలచని తొడుగులు అంటుకునే ఉన్నాయి.
ఖాళీ వరసలో తేదీ వేశాను,
అయిపోయినది, ఎవరికీ పనికిరానిది.
రంగు ఆరకముందే లోపల ఫోను మోగింది.

"నిన్ననండీ" అంటోంది ఎటెల్కా.
కాసేపు విన్నది.
"లేదండీ, వాయిదా వేయడం కుదరదు."